సున్నా కన్నా తేలికైన గాలి

ముప్పై మూడేళ్లు నేను గాలి బరువు లెక్కగట్టే ఉద్యోగం చేశాను. నల్లపాడులో మా చర్చి బయట ఎవరైనా "నువ్వు చేసే పనేందమ్మా రత్నా?" అని అడిగితే, "వేడెక్కిన గాలి ఎటు పోతుందో కంప్యూటర్లో లెక్క కడతానండి" అనేదాన్ని. "ఎటు పోద్ది? పైకి పోద్ది. దానికి కంప్యూటరెందుకు?" అని నవ్వేవాళ్లు. వాళ్ల మాట తప్పని నేనెప్పుడూ నిరూపించలేకపోయాను. గాలి పైకే పోతుంది. ఎంత పోతుంది, ఎంత వేగంగా పోతుంది, దారిలో ఎవరి సరుకుని మాడుస్తుంది అన్న ముక్కలకే నాకు జీతం ఇచ్చారు.

పోయినేడు రిటైరయ్యాను. శాలువా కప్పారు, నా గురించి నాకే తెలియని మంచి విషయాలు చెప్పారు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, మీ అనుభవాలు రాసివ్వండి" అన్నారు. మర్యాదకి అన్నారని తెలుసు. అయినా రాస్తున్నాను. అడిగినందుకు వాళ్లు చదవక తప్పదు.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. నేను చేసిన మంచి పనుల జాబితా కూడా రాయను. ఒకే ఒక్క తప్పు గురించి రాస్తాను. నాకు ఈ పని వచ్చింది అని నేను అనుకున్నది ఉద్యోగంలో చేరిన ఐదో ఏడు. నిజంగా వచ్చింది ఆ తప్పు చేసిన రోజు. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది నాకు.

రంగుల బొమ్మలు

మన పనేమిటో ముందు చెప్తాను. ఫ్యాను లేకుండా, వేడివల్ల గాలి తనంతట తాను కదలడాన్ని పుస్తకాల్లో సహజ సంవహనం అంటారు. వేడెక్కిన గాలి ఉబ్బుతుంది, తేలికవుతుంది, పైకి లేస్తుంది. దాని చోటులోకి చల్లగాలి వస్తుంది. ఒక గదిని కంప్యూటర్లో లక్షల చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలో గాలి వేడి ఎంత, వేగం ఎంత, బరువు ఎంత అని లెక్క కట్టిస్తాం. చివర్లో ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో బొమ్మ వస్తుంది. పని ఇచ్చిన పార్టీ ఆ బొమ్మ చూసి "అబ్బో" అంటాడు. ఆ "అబ్బో"తో చాలా తప్పులు దాటిపోతాయి.

మా ఆఫీసు గుంటూరులో, ఒక మందుల షాపు పైన రెండు గదులు. యజమాని చక్రధరరావు గారు. మంచి మనిషి. కేకలు వేయడు, సెలవు అడిగితే ఎందుకని అడగడు, మధ్యాహ్నం ఇంటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి అందరికీ పెట్టందే తను తినడు. ఆయనకు రెండు బలహీనతలు. ఒకటి, బొమ్మల్లో ఎరుపు ఎక్కువ ఉండాలి. "రత్నం, ఎరుపు కాస్త పెంచు. పార్టీ అద్దంకి నుంచి ఎండలో పడి వస్తున్నాడు, నీలం చూపించి పంపిస్తే బాగోదు" అనేవాడు. రంగుల కొలత మార్చితే ఎరుపు పెరుగుతుంది, గదిలో వేడి పెరగదు. రెండో బలహీనత, ఆఫీసు గుమ్మం దాటాక "తప్పు" అనే మాట ఆయన నోట రాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మాకు వచ్చే పనుల్లో ఎక్కువ భాగం మిర్చి కోల్డ్ స్టోరేజీలు. బస్తాల వరసల మధ్య చల్లగాలి ఎలా దిగుతుంది, ఏ మూల వేడి నిలుస్తుంది, అవే లెక్కలు. అక్కడ బయటికీ లోపలికీ తేడా ఇరవై, ముప్పై డిగ్రీలు. అంత చిన్న తేడాలకు మన వృత్తిలో ఒక అడ్డదారి ఉంది. ఒక ఫ్రెంచి పెద్దాయన పేరుతో చలామణీ అవుతుంది. గాలి సాంద్రత అన్నిచోట్లా ఒకటే అనుకో, పైకి లేచే బలం లెక్కగట్టే దగ్గర మాత్రం డిగ్రీకి ఇంత చొప్పున బరువు తగ్గించు, అంతే. లెక్క తొందరగా తేలుతుంది, మొరాయించదు. చిన్న తేడాలకు జవాబు కూడా బాగానే వస్తుంది.

నేను దాంతో ఒక ఫైలు తయారు చేసుకున్నాను. దాని పేరు "మిర్చి రూము". కొత్త స్టోరేజీ వస్తే ఆ ఫైలు తెరిచి, గోడల కొలతలు మార్చి, కంప్యూటరుకి వదిలేసి టీకి పోయేదాన్ని. ఏళ్ల తరబడి అది నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు. మోసం చేయనివాళ్లని మనం ప్రశ్నలు అడగడం మానేస్తాం.

వెంకాయమ్మ గారి బ్యారన్

అద్దంకి అవతల ఒక ఊరి నుంచి వెంకాయమ్మ గారని ఒక రైతు వచ్చింది. యాభై దాటిన మనిషి. మెట్లెక్కి వచ్చి, నా టేబుల్ మీద ఒక మూట విప్పింది. నిండా తాలు కాయలు. తడిసి, ఎరుపు పోయి, తెల్లగా పాలిపోయిన మిర్చిని మా వైపు తాలు అంటారు.

"మొదటి కోత ఇదమ్మా. కళ్ళంలో ఆరబోస్తే మూడు రోజులు ముసురు పట్టింది. ఇంకో కోత చేలో ఉంది. అది కూడా ఇట్టా అయిపోతే నేను తట్టుకోలేను" అంది.

ఆవిడ భర్త ఉన్నప్పుడు పొగాకు వేసేవాళ్లు. ఆకును కాల్చే బ్యారన్ ఒకటి ఖాళీగా ఉంది. బ్యారన్ చూడని పిల్లల కోసం చెప్తాను. పదహారడుగుల చదరపు గది, రెండంతస్తుల ఎత్తు. బయట పొయ్యిలో కట్టెలు వేస్తే, ఆ వేడి పొగ గది నేల మీదుగా లావుపాటి ఇనప గొట్టాల్లో తిరిగి చిమ్నీలోంచి పోతుంది. పొగ గదిలోకి రాదు, గొట్టాల వేడి మాత్రమే వస్తుంది. గోడ అడుగున గాలి రావడానికి గవాక్షాలు, పైకప్పులో పోవడానికి గవాక్షాలు. ఫ్యాను లేదు, కరెంటు లేదు. సహజ సంవహనానికి గుడి కడితే అచ్చం అలాగే ఉంటుంది.

ఆ బ్యారన్‌ని మిర్చి ఆరబెట్టే గదిగా మార్చాలని ఆవిడ కోరిక. పోయి చూశాను. అక్కడ యాకోబు గారున్నారు, నలభై ఏళ్లు బ్యారన్లు కాల్చిన మేస్త్రీ. మా అమ్మ పొగాకు గ్రేడింగు కూలికి పోయేదని చెప్పగానే నాకు బాబాయి అయిపోయాడు.

నేను వేసిన పథకం ఇది. కాయలు గొట్టాల మీద పడి మాడకుండా గొట్టాల చుట్టూ రేకు తొడుగు. బయటి గాలి అడుగు గవాక్షాల్లోంచి ఆ తొడుగులోకి వచ్చి, వేడెక్కి, పైకి లేచి, వెదురు తట్టల్లో పరిచిన మిర్చి మీదుగా పోవాలి. ఆఫీసుకి తిరిగొచ్చి "మిర్చి రూము" ఫైలు తెరిచాను. మిర్చి అంటే మిర్చే కదా అనుకున్నాను. గోడలు మార్చాను, గొట్టాలు పెట్టాను, గొట్టం వేడి నాలుగు వందల డిగ్రీలు అని కొట్టాను. పూట గడవకముందే బొమ్మ వచ్చింది. గది నిండా గాలి సుడులు తిరుగుతోంది, పై తట్ట నుంచి కింది తట్ట దాకా ఒకే రంగు. చక్రధరరావు గారు ఎరుపు పెంచమని కూడా అనలేదు.

గాలి అవసరానికి మించి ఆడుతోందని లెక్క చెప్పింది. అంత గాలి పోతే కట్టెలు దండగ. అందుకని గోడ అడుగునున్న ఎనిమిది గవాక్షాల్లో నాలుగింటిని ఇటుకలతో మూసెయ్యమన్నాను. గొట్టానికీ రేకుకీ మధ్య బెత్తెడు సందు చాలన్నాను.

యాకోబు బాబాయి తువ్వాలు తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "బ్యారన్‌కి మేత గాలేనమ్మా. నాలుగు మూస్తే ఏం తింటది?"

"లెక్కలో సరిపోయింది బాబాయ్" అన్నాను.

"ఆ సందు కూడా ఇరుకైద్దేమో తల్లీ, వేడి గాలికి చోటెక్కువ కావాల."

నేను ఫోనులో బొమ్మ తీసి ఆయనకు చూపించాను. మర్యాదగా చూశాడు. "బాగుందమ్మా" అన్నాడు. బొమ్మనే అన్నాడు.

నాలుగు బస్తాలు

ముట్టించే రోజున వెంకాయమ్మ గారు పొయ్యి ముందు కొబ్బరికాయ కొట్టింది. యాకోబు బాబాయి తలమీద తువ్వాలు కప్పుకొని ప్రార్థన చేశాడు. ఆ బ్యారన్ దగ్గర నలభై ఏళ్లుగా అదే పద్ధతట, రెండూ అయితే గానీ అగ్గిపుల్ల గియ్యరు. నేను ఆమెన్ అనీ, కొబ్బరి ముక్క తినీ రెండు వైపులా భద్రంగా నిలబడ్డాను.

కోత మొత్తం ఒకేసారి ఎక్కించొద్దని పట్టుబట్టింది యాకోబు బాబాయే. "పెళ్లికూతురికి ముందు ఒక చీర కట్టి చూడండి" అన్నాడు. నాలుగు బస్తాలు మాత్రం పరిచారు. మంట అందుకున్నాక ఆయన బీడీ వెలిగించి, గవాక్షం దగ్గర కూర్చుని, పొగ ఎటు పోతుందో చూశాడు. గాలి లాగుతుంటే పొగ లోపలికి సూటిగా పోవాలి. అది అటూ ఇటూ తచ్చాడింది.

"లాగట్లేదమ్మా."

"గది ఇంకా వేడెక్కలేదు బాబాయ్, ఆగండి" అన్నాను. అన్నాక ఫోను చూసుకున్నాను. ఆ ఫోనులో ఏం చూశానో గుర్తులేదు, చూసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు సాయంత్రం తలుపు తీశాం. ఘాటుకి అందరం దగ్గుతూ బయటికి పరిగెత్తాం. కాసేపాగి లోపలికి పోయి చూస్తే, కింది తట్టల్లో కాయలు నల్లగా మాడి ఉన్నాయి. పై తట్టల్లో ఉడికినట్టు మెత్తబడి, చెమట పట్టి ఉన్నాయి. మధ్యలో రెండు తట్టలు మాత్రం బాగున్నాయి. వెంకాయమ్మ గారు ఒక నల్ల కాయ తీసి చేతిలో నలిపింది. ఆ పొడి కొంగుకి తుడుచుకుంది. అరిచినా బాగుండేది.

అది సోమవారం. వాయుగుండం పట్టిందనీ, శుక్రవారానికి వానలనీ టీవీలో చెప్తున్నారు. రెండో కోత అప్పటికే కోసి కళ్ళంలో పోశారు, పచ్చి మీద ఉంది. నాలుగు రోజుల్లో బ్యారన్ బాగుపడకపోతే ఆ కుప్ప మొత్తం తాలే.

మైనస్ పావు కిలో

మంగళవారం పొద్దున్నే ఆఫీసుకి పోయి బొమ్మలన్నీ పక్కన పెట్టాను. రంగులు చూడటం మానేసి అంకెలు అడిగాను. గది మొత్తంలో అతి తక్కువ సాంద్రత ఎంత? ఈ ప్రశ్న ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు అడిగానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కోల్డ్ స్టోరేజీల్లో దాని అవసరం పడలేదు.

జవాబు వచ్చింది. గొట్టం పక్కన ఒక ఘనమీటరు గాలి బరువు, మైనస్ పావు కిలో.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. మైనస్సే. మామూలు గాలి ఘనమీటరు కిలో పైచిలుకు తూగుతుంది. నా బ్యారన్‌లో గాలి సున్నా కన్నా తేలిక. అలాంటి గాలి గానీ దొరికితే ఒక సంచిలో పట్టుకుని గుంటూరు నుంచి చీరాల దాకా ఎగురుకుంటూ పోవచ్చు. ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక కళ్లనీళ్లు వచ్చాయి. ఆ నాలుగు బస్తాలు కళ్లముందు కనపడ్డాయి.

తప్పు ఎంత చిన్నదో చూడండి. ఆ అడ్డదారిలో డిగ్రీకి మూడు వందల మూడో వంతు చొప్పున బరువు కోస్తాం, బయట ముప్పై డిగ్రీలున్నప్పుడు. ముప్పై డిగ్రీల తేడాకి పదో వంతు పోతుంది, పరవాలేదు. బెల్లం దిమ్మలోంచి రోజూ ఒకే కొలత ముక్క కోస్తూ పోతే ఒకనాటికి దిమ్మ అయిపోతుంది. మూడు వందల మూడు డిగ్రీల తేడా దగ్గర నా గాలి అయిపోయింది. నేను మూడు వందల డెబ్బై దాకా కోశాను.

నిజం గాలి అలా చేయదు. మైనస్ రెండు వందల డెబ్బై మూడు దగ్గర సున్నా పెట్టుకుని వేడిని లెక్కిస్తే, ఆ వేడి రెట్టింపైతే బరువు సగమవుతుంది, మళ్లీ రెట్టింపైతే అందులో సగం. ఎంత కాల్చినా సున్నాకి చేరదు. నా గొట్టం పక్కన గాలి అసలు బరువు అర కిలో పైన ఉండాలి. మైనస్ పావు అనుకున్నందువల్ల గాలిని పైకి లేపే బలం రెట్టింపుకి మించి లెక్కలోకి వచ్చింది. రంగుల్లో సుడులు తిరిగింది ఆ లేని బలమే.

రెండో తప్పు ఇంకా మొహాన కొట్టినట్టుంది. ఆ అడ్డదారిలో గాలి తేలికవుతుంది కానీ ఉబ్బదు. చోటు ఎప్పుడూ అంతే తీసుకుంటుంది. నిజంగా అయితే రేకు తొడుగులో గాలి రెట్టింపు చోటు అడుగుతుంది, బెత్తెడు సందులో ఇరుక్కుంటుంది. వచ్చిన కాస్త గాలీ కాగిపోయి కింది తట్టల్ని మాడుస్తుంది, పై తట్టల దాకా చాలినంత గాలి చేరదు. వేడి గాలికి చోటెక్కువ కావాలని యాకోబు బాబాయి చెప్పింది అక్షరాలా ఇదే. నేను ఆయనకు బొమ్మ చూపించాను.

మొత్తం మళ్లీ కట్టాను. సాంద్రతని గడిగడికీ అక్కడి వేడిని బట్టి లెక్కించమన్నాను. పీడనం మాత్రం బయటి వాతావరణానిది ఒక్కటే తీసుకోమన్నాను. గదిలోపలి చిన్నచిన్న పీడనాల తేడాలు కూడా సాంద్రతలో కలిపితే, లెక్క పీడనపు అలలే అయిన చప్పుళ్ల వెంట కూడా పరిగెత్తి మన పని చెడగొడుతుంది. మొదటిసారి నడిపితే పైకప్పు గవాక్షాల్లోంచి గాలి కిందికి దిగుతున్నట్టు వచ్చింది. ఈసారి కంగారు పడలేదు. గది బయటి గాలి బరువెంతో నేను చెప్పలేదు, ప్రోగ్రాము తనకు తోచిన సగటు ఒకటి వేసుకుంది. బయటి గాలి బరువు బయటి వేడికి సరిపోయేట్టు రాసిచ్చాను. గాలి దారిలోకి వచ్చింది. లెక్క అప్పటికీ అలిగి అలిగి నడిచింది. ఒకేసారి తేల్చమంటే మొరాయించింది, క్షణం క్షణంగా ముందుకు నడిపిస్తే మాట విన్నది. బుధవారం మధ్యాహ్నానికి జవాబు చేతికొచ్చింది. ఎనిమిది గవాక్షాలూ తెరవాలి. సందు బెత్తెడు చాలదు, జానెడు కావాలి.

పచ్చి కట్టెలు

చక్రధరరావు గారికి చూపించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాగా పట్టుకున్నావు రత్నం. మార్పులు చెప్పేద్దాం. కాకపోతే, మొదటిసారి ఎందుకు పోయిందంటే, కట్టెలు పచ్చివి, మంట సమంగా పెట్టలేదని రాయి. పార్టీకి సాంద్రత, గీంద్రత ఏం అర్థమవుద్ది? ఆఫీసు పేరు కూడా చూసుకోవాలిగా."

"మంట పెట్టింది యాకోబు గారండీ" అన్నాను.

"పేరు రాయక్కర్లేదు."

"ఆ ఊళ్లో పేరు రాయక్కర్లేదండీ. మంట అంటే ఆయనే."

ఆయన చెడ్డవాడు కాదని మళ్లీ చెప్తున్నాను. నేను అద్దంకి నుంచి తిరిగొచ్చేసరికి ఇద్దరికీ కోపం చల్లారింది, గోంగూర కూడా పంచుకున్నాం. కానీ ఆ కాగితం నేను రాయలేదు. నలభై ఏళ్లు ఒక్క బ్యారన్ కూడా తగలబెట్టని మనిషి మీద, ఫైలు పేరు చూసి మోసపోయిన నేను నింద వెయ్యడమా? పిల్లలూ, మీకు కూడా ఇలాంటి కాగితం ఒకటి ఎప్పుడో ఎదురవుతుంది. అందులో ఒక్క మాట కూడా పూర్తి అబద్ధం ఉండదు, కట్టెలు ఎప్పుడూ కాస్త పచ్చివే ఉంటాయి. సంతకం పెట్టకండి.

ఆ బుధవారమే బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. వెంకాయమ్మ గారు కళ్ళంలో కుప్ప మీద టార్పాలిన్ పట్టలు సర్దుతోంది. యాకోబు బాబాయి తాడు బిగిస్తున్నాడు. దార్లో ఎన్నో వాక్యాలు తయారు చేసుకున్నాను గానీ, ఎదురుగా నిలబడ్డాక ఒకటే వచ్చింది.

"వెంకాయమ్మ గారూ, తప్పు నాదండి. మీ కట్టెలదీ కాదు, బాబాయి మంటదీ కాదు. గాలి బరువు నేను తప్పు లెక్కగట్టాను."

ఆవిడ పట్ట అంచు వదల్లేదు. "ఎంత తప్పు?"

"సున్నా కన్నా తక్కువ తూగుతుందని వేశానండి."

ఆవిడ యాకోబు బాబాయి వైపు చూసింది. ఆయన నా వైపు చూశాడు. ముందు నవ్వింది ఆయనే. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వాడు. "తక్కెట్లో ఏసిన సరుకు మాయమైపోయిందేందమ్మా నీకు!"

వెంకాయమ్మ గారు నవ్వలేదు. "నాలుగు బస్తాలు పోతే పోయినయ్. ఈయన లాగట్లేదు, లాగట్లేదు అని చెప్తా ఉంటే నువ్వు ఫోను చూసుకున్నావే, దానికి నిన్ను తిట్టాల."

"తిట్టండి" అన్నాను.

తిట్టింది. ఆ తిట్లు రాయను, ఆఫీసు కాగితాల మీద రాయదగినవి కావు. తిట్టడం అయ్యాక, "ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

చెప్పాను. ఎనిమిదీ తెరవాలి, జానెడు సందు కావాలి.

"నేను మొదట్నుంచీ అదేగా చెప్తున్నా" అన్నాడు యాకోబు బాబాయి.

"జానెడు అని చెప్పలేదు బాబాయ్."

"అడిగితేగా."

ఆ మాట మన ఆఫీసు గోడ మీద రాయించాలని చాలాసార్లు అనుకున్నాను. అప్పట్నుంచీ ఏ పని మొదలుపెట్టినా ముందు అక్కడ పనిచేసే మనిషి దగ్గరికి పోయి, నా లెక్క చూపించకుండా ఆయన లెక్క అడిగాను. వేటపాలెంలో జీడిగింజలు ఆరబెట్టే గదికి పోయినా అంతే, అక్కడి ఆడవాళ్లు ఏ తట్టని ముందు తిప్పుతారో అడిగి రాసుకున్నాకే కంప్యూటరు తెరిచాను.

తలుపు తీసిన రోజు

గురువారం పొద్దున ఇటుకలు పగలగొట్టారు, రేకు విప్పి జానెడు దూరం జరిపారు. మధ్యాహ్నానికి తట్టలు సిద్ధం. అప్పుడొచ్చింది అసలు చిక్కు. బ్యారన్ లోకి కుప్పలో సగమే పడుతుంది. ఎక్కిస్తే, మళ్లీ నా లెక్క తప్పితే, ఆ సగం నల్లగా మాడుతుంది. ఎక్కించకుండా పట్టల కింద ఉంచితే కొంతైనా దక్కొచ్చు. అందరూ వెంకాయమ్మ గారి వైపు చూస్తున్నారు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "నీ ఇంట్లో కాయలైతే ఎక్కిస్తావా?"

ఇరవై రెండేళ్లలో నన్ను అలా ఎవరూ అడగలేదు. బొమ్మ బాగుందా అని అడిగారు, రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగారు. నేను మనసులో ఆ అంకెలన్నీ మళ్లీ చూసుకున్నాను. ఈసారి అతి తక్కువ సాంద్రత ఎంతో, ఎక్కడ ఉందో నాకు తెలుసు. చేత్తో వేసిన లెక్క కూడా దానికి దగ్గరగానే వచ్చింది.

"ఎక్కిస్తానండి. బాబాయి బీడీ పొగ లాగితేనే ఎక్కిస్తాను" అన్నాను.

ఖాళీ గదికే ముట్టించారు. కొబ్బరికాయ మళ్లీ, ప్రార్థన మళ్లీ. ఈసారి ప్రార్థనలో "ఈ బిడ్డ లెక్కని కూడా దీవించు ప్రభువా" అని ఒక మాట ఎక్కువ పడింది. గంట తర్వాత యాకోబు బాబాయి గవాక్షం దగ్గర కూర్చుని బీడీ వెలిగించాడు. పొగ ఒక్క క్షణం కూడా తచ్చాడకుండా, దారం లాగినట్టు లోపలికి పోయింది. ఆయన రెండో గవాక్షం దగ్గరికి జరిగాడు, మూడో దాని దగ్గరికి జరిగాడు. ఎనిమిదీ చూసేసరికి రెండు బీడీలు అయ్యాయి.

"తింటా ఉంది" అన్నాడు.

మంట తగ్గించి, తట్టలు ఎక్కించారు. శుక్రవారం చెప్పినట్టే వాన వచ్చింది. కళ్ళంలో పట్టల మీద దబదబమని పడుతోంది. నేను గుంటూరు పోలేదు, వెంకాయమ్మ గారింట్లోనే ఉండిపోయాను. అన్నం పెట్టి, గుమ్మంలో నిలబడి వాన వైపే చూస్తోంది. మిగతా సగం పట్టల కింద చెమ్మ పడుతోందని ఇద్దరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం, వానలోనే, గోనెసంచులు తలమీద కప్పుకుని బ్యారన్ దగ్గరికి పోయాం. యాకోబు బాబాయి తలుపు తీశాడు. ఘాటు వచ్చింది, మాడిన వాసన రాలేదు. వెంకాయమ్మ గారు లోపలికి పోయి కింది తట్టలోంచి ఒక కాయ తీసింది. ఎర్రగా ఉంది. నిచ్చెన ఎక్కి పై తట్టలోంచి ఒకటి తీసింది. అదీ ఎర్రగానే ఉంది, కొంచెం ముదురు అంతే. రెండూ పట్టుకుని బయటికి వచ్చి, ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. రైతు చేసే ఆఖరి పరీక్ష అదే. వాన చప్పుడుకి నాకేమీ వినపడలేదు.

రెండోది ఊపింది. తర్వాత ఆ రెండో కాయ నా చెవి దగ్గర పెట్టి ఊపింది.

మోగింది. ఎంత స్పష్టంగా మోగిందో ఇప్పటికీ చెప్పగలను. ఆవిడ అప్పటికే కళ్ళంలోని కూలీల వైపు తిరిగి, వానని మించి అరుస్తోంది.

"ఒరేయ్, పట్టలు ఎత్తండ్రా! మిగతా సగం కూడా తీసుకురండి, ఎక్కిద్దాం!"

యాకోబు బాబాయి పొయ్యి దగ్గరికి పరిగెత్తాడు. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఒక తట్ట అంచు పట్టుకున్నాను.